సముద్రపు సరంజామాతో సుంకేసుల గట్టుకా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి చివర సముద్రపు ఒడ్డున నిలబడి, బల్లపరుపుగా ఉండే నాలుక చేపల జాతిని గాలంతో పట్టడం ఎలాగో మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. రాసినవారికి పని తెలుసు, తప్పుపట్టడానికేం లేదు. చిక్కల్లా చదివినవారితో వచ్చింది. కర్నూలు నుంచి సముద్రం చూడాలంటే నల్లమల దాటి ఒంగోలు వైపో, కడప మీదుగా నెల్లూరు వైపో పోవాలి. అంత దూరం పోలేని కుర్రాళ్లు వ్యాసంలో చెప్పిన సరంజామానే కొనుక్కుని సుంకేసుల బ్యారేజీ కింది మడుగులకూ, సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌కూ, గాజులదిన్నె జలాశయానికీ వస్తున్నారు. గాలానికి బరువుగా కట్టే సీసపు గుండ్లు పూటకు నాలుగైదు బండల్లో పోగొట్టుకుని, 'ఇక్కడ చేపే లేదు' అంటూ తిరుగుముఖం పడుతున్నారు. చేప ఉంది. సముద్రానికి కట్టిన గాలం ఏటికి నప్పడం లేదు, అంతే. ఏమేం మార్చుకోవాలో రాస్తున్నాం. మీకు చోటున్న మేరకు వేయండి.

ఆ వ్యాసంలో ఇక్కడికీ పనికొచ్చే మాట ఒకటుంది. ఎర నేలను అంటుకుని ఉండాలి. నాలుక చేప జాతి పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది, పక్కకొక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండో పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత కన్ను లేని పక్కను నేలకానించి, ఇసుక కప్పుకుని పడుకోవడమే దాని బతుకు. మన తుంగభద్రలో ఆ ఆకారం చేప దొరకదు గానీ, అలా నేలను నమ్ముకున్నవి బోలెడు. ఇసుకదొందునే చూడండి. ఒళ్లంతా ఇసుక రంగు, కళ్లు నెత్తిన. కదలకుండా పడుకుని, ముందుకొచ్చిన రొయ్యపిల్లనో పరిగెపిల్లనో లటుక్కున అందుకుంటుంది. బురద నేలల మీద జెల్లలు, ఇంగిలాయిలు మీసాలతో తడుముకుంటూ తిరుగుతాయి. రాళ్ల సందుల్లో బొమ్మిడాయి, లోతు మడుగుల్లో వాలుగ. బొచ్చెకూ శీలావతికీ అలవాటుపడి బెండు కట్టి, పిండిముద్ద గుచ్చి, నీళ్ల నడుమ వేలాడదీసి కూర్చుంటే వీటిలో ఒక్కటీ తిరిగి చూడదు.

ఇక తేడాలు. సముద్రంలో పోటుతో చేప ఒడ్డుకొస్తుంది, పాటుతో వెనక్కి పోతుంది. గడియారం చూసుకుని బయల్దేరవచ్చు. మన దగ్గర ఆ పని రెండు చేస్తాయి: నీటిమట్టం, గాలి.

శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. మే నాటికి నీళ్లు ఎంతో కిందికి దిగి, మునిగిన ఊళ్ల పునాదులు, పాత బాటలు, సంగమేశ్వరుడి గుడి బయటపడి ఉంటాయి. మట్టం తగ్గుతున్నంతకాలం చేప చదును నేలలు వదిలేసి పాత ఏటి గర్భం అంచుల్లోకి చేరుతుంది. కాబట్టి వెతకాల్సింది నీళ్లు విశాలంగా కనిపించే చోటు కాదు, పాత పాయ గట్టుకు దగ్గరగా ఒరుసుకుని పోయే చోటు. బయటపడిన నేల మీద వంక చాలు ఏ వాలున నీళ్లలోకి దిగుతోందో చూస్తే సగం తెలుస్తుంది. మిగతా సగం సీసం చెబుతుంది. కొక్కెం కట్టకుండా ఉత్త సీసం విసిరి, నీటిని తాకినప్పటి నుంచి దారం వదులయ్యేదాకా మనసులో లెక్కపెట్టండి. ఒక చోట మూడుకే ఆగి, నాలుగు బారల పక్కన ఆరు దాకా పోయిందంటే అంచు ఆ నడుమే ఉంది. తర్వాత సీసాన్ని నేల మీద మెల్లగా లాగండి. ఇసుకైతే నున్నగా జారుతుంది. బండలైతే కర్ర కొనకు టకటకా తగులుతుంది. బురదైతే బరువుగా పీల్చి పట్టి వదులుతుంది. కంపైతే సాగి, వంగి, ఉన్నట్టుండి వదిలేస్తుంది. నీళ్లు తగ్గిన ఏడు నేల మీద మొలిచిన కంపచెట్లు మరుసటి ఏడు నీళ్లలో మునిగి అలాగే నిలబడతాయి. గాలాలు ఎక్కువగా తినేసేది అవే. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. ఆ అరగంట ఓపిక లేనివాళ్లే దుకాణాల్లో సీసం కొంటూ ఉంటారు.

గాలి సంగతి చాలామంది తలకిందులుగా పట్టుకున్నారు. మే చివర నుంచి మన సీమలో పడమటి గాలి జోరందుకుంటుంది. అది పైనీటిని, నాచును, పురుగును తూర్పు గట్టుకు తోస్తుంది. అలలు గట్టును కొట్టి అంచునీళ్లు ఎర్రబారతాయి. ఆ మడ్డిలో మేతకు చిన్న చేప వస్తుంది, దాని వెనక జెల్ల వస్తుంది. మనవాళ్లేమో నీళ్లు తేటగా, నీడ చల్లగా ఉందని పడమటి గట్టున చెట్టు కింద కూర్చుంటారు. కూర్చోవడానికి అది మంచి చోటే. చేప కావాలంటే ముఖాన గాలి కొట్టే గట్టుకు పోవాలి. ఎదురుగాలికి గాలం దూరం పోదన్న బెంగ అక్కర్లేదు. అలాంటి రోజున చేప పది, పదిహేను బారల్లోనే ఉంటుంది. దూరం విసరడం సముద్రపు ఒడ్డు అలవాటు. అక్కడ అలలు విరిగే వరుస దాటించాలి, ఇక్కడ దాటించాల్సింది ఏమీ లేదు.

వేళ గురించి కూడా ఒక మాట. 'తెల్లారకముందే పోవాలి' అన్నది పెద్ద జలాశయాలకు నిజం. పచ్చగా పాచిపట్టిన ఊరచెరువుకు కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. పాచి పగలంతా ప్రాణవాయువు ఇచ్చినా రాత్రంతా తానే తీసుకుంటుంది. అందుకే అలాంటి చెరువుల్లో అతి తక్కువ ప్రాణవాయువు ఉండేది సరిగ్గా తెల్లవారుజామునే. అప్పుడు చేప నీటి పైకొచ్చి నోరు తెరుచుకుంటుంది తప్ప ఎర ముట్టదు. పొద్దు బారెడు ఎక్కాక గాలం వేస్తే నయం. గాలి ఆడే బ్యాక్‌వాటర్లలో మాత్రం తొలివెలుగు, మళ్లీ పొద్దుగుంకే వేళ. నడిపొద్దున ఎక్కడా వద్దు, చేపకూ మనకూ మంచిది కాదు.

సరంజామాకు వద్దాం. సముద్రానికి పన్నెండు, పదమూడు అడుగుల కర్ర, నూరు గ్రాములు దాటిన కొండిసీసం, మూడు కొక్కేలు, రంగు పూసలు చెప్పారు. అక్కడ ప్రతిదానికీ కారణం ఉంది. అల లాగేస్తుంది కనుక సీసానికి తీగ గోళ్లు కావాలి. ఇక్కడ ఆ గోళ్లే బండల్లోనూ కంపలోనూ దిగబడతాయి. మూడు కొక్కేలంటే మూడు చోట్ల చిక్కుకోవడమే. సముద్రపు చేపను పిలవడానికి పూస మెరుపు పెడతారు. ఎర్రనీళ్లలో జెల్ల వాసనకూ మీసాల స్పర్శకూ వస్తుంది, దానికి పూసతో పనిలేదు. ఆ డబ్బుతో ఐసు కొనుక్కోండి.

మన గట్లకు ఏడు నుంచి తొమ్మిది అడుగుల కర్ర, మామూలు రీలు చాలు. అసలు దారం 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్. దాన్ని నడుమ రంధ్రమున్న 20 నుంచి 30 గ్రాముల సీసంలోంచి దూర్చండి, గాలి జోరుగా ఉంటే 40. సీసం తర్వాత ఒక ప్లాస్టిక్ పూస ఎక్కించండి. ఇది అందానికి కాదు, సీసం వచ్చి ముడిని కొట్టకుండా. ఆ తర్వాత స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కడియం. స్వివెల్ రెండో కొసకు మూరెడు కొసదారం, 0.25 మందం. కొసదారం అసలుదానికంటే సన్నగా ఎందుకంటే, చిక్కుకున్నప్పుడు తెగేది కొక్కెం ఒక్కటే కావాలి, మొత్తం సరంజామా కాకూడదు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలం కోల్పోతుంది. చేప తెంపుకుపోయిందనుకునే దారాల్లో సగం ముడి దగ్గర తెగినవే.

సీసం దారం మీద అటూ ఇటూ జారాలన్నదే ఇందులో కీలకం. కొందరు అది కదలకుండా ముడేస్తారు. జెల్ల ఎర నోట పెట్టుకుని కదలగానే బరువు తగిలి ఉమ్మేస్తుంది. జారేదైతే దారమే నడుస్తుంది, సీసం పడినచోటే ఉంటుంది.

కొక్కేల అంకెల్లో అయోమయం ఉంది కనుక చెప్పాలి. ఉత్త అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. అంకె పక్కన గీతా సున్నా ఉంటే పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. ఇసుకదొందుకు, జెల్లకు 6 లేదా 8. బొమ్మిడాయి నోరు సన్నం, దానికి 10 చాలు. వాలుగకు 2/0 లేదా 3/0, దాని వరస పళ్లకు నైలాన్ నిలవదు కాబట్టి జానెడు సన్నపు స్టీలు తీగ. తీగ లేకపోతే 0.60 దారం, ప్రతి చేప తర్వాత మార్చేయాలి.

సీసం ఆకారం కూడా నేలను బట్టే. వాలు గట్టున గుండ్రటిది దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఇసుక మీద బిళ్లలాంటిది నిలుస్తుంది. బండలున్న చోట సీసమే వద్దు. మెకానిక్ షెడ్డులో పారేసిన పాత నట్టును బట్టలు కుట్టే నూలుదారంతో జారే స్వివెల్‌కు కట్టండి. చిక్కుకుంటే నూలు తెగి నట్టు పోతుంది, చేప మిగులుతుంది. నల్లరేగడి బురదలో ఏది వేసినా కూరుకుపోయి ఎరను కూడా కప్పేస్తుంది. అక్కడ కొక్కేనికి రెండంగుళాల పైన శనగగింజంత థర్మోకోల్ ముక్క గుచ్చితే ఎర బురద మీద తేలుతూ ఉంటుంది. ఈ ఒక్క మార్పుతోనే బ్యాక్‌వాటర్‌లో ఖాళీ చేతులతో పోయే రోజులు బాగా తగ్గుతాయి.

విసిరాక సీసం నేలను తాకిందని తెలియగానే దారాన్ని కొంచెం బిగించి ఆపండి. మూడు నాలుగు నిమిషాలకోసారి అరబారెడు మెల్లగా లాగండి. సీసం కదిలినప్పుడు లేచే మడ్డి పొగ చూసి ఇసుకదొందు వస్తుంది. సముద్రంలో నాలుక చేపల జాతి కూడా ఇలాగే వస్తుంది. చేపచేపకూ పట్టు వేరు. జెల్ల గబగబా గుంజుతుంది, రెండో గుంజుకే కర్ర ఎత్తాలి. ఇసుకదొందు గుంజదు. దారం లాగబోతే తడిగుడ్డ తగులుకున్నట్టు బరువొస్తుంది, అదే చేప. వాలుగ తొందరపడదు. ఒకసారి తట్టి, ఆగి, దారాన్ని తీసుకుని నడుస్తుంది. మొదటి తట్టుకే కర్ర లేపితే ఎర పైకి వస్తుంది తప్ప చేప రాదు. రెండు మూడు బారలు పోనిచ్చి బిగించండి. అంతకుమించి వదిలితే కొక్కెం కడుపులోకి దిగుతుంది, చిన్నదైతే వదిలిపెట్టడానికి కూడా వీలుండదు.

ఎరల గురించి ఎక్కువ అక్కర్లేదు. వేసవిలో ఎర్రలు (వానపాములు) పొలంలో దొరకవు, పేడదిబ్బ అడుగున, అరటితోట కాలువల పక్కన తవ్వాలి. తడిమట్టితో కుండలో, పైన తడి గోనె కప్పి నీడన పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి బండి హ్యాండిల్‌కు తగిలిస్తే గట్టు చేరేలోపు ఉడికిపోతాయి. అవి లేకపోతే కోడిపేగు, చిన్న రొయ్య. కోడి కాలేయానికి జెల్ల బాగా వస్తుంది గానీ విసిరినప్పుడు ఊడిపోతుంది, కుట్టుదారంతో నాలుగు చుట్లు చుట్టాలి. వాలుగకు వీపు రెక్క కింద గుచ్చిన బతికున్న పరిగె. ఒక చెరువులో పట్టిన జిలేబీ చేపనో క్యాట్‌ఫిష్ పిల్లనో ఎరకని ఇంకో చెరువుకు మోయకండి. అవి తప్పించుకుంటే ఆ చెరువులో మిగతా జాతికి చేటు.

చేతులకు వచ్చే ముప్పు సముద్రపు వ్యాసంలో లేదు, ఇక్కడ ముఖ్యం. జెల్లకు వీపున ఒక ముల్లు, మొప్పల వెనక చెరొకటి, మూడూ నిక్కబొడుచుకుని బిగిసిపోతాయి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంది, భుజం దాకా సలుపుతుంది. చేపను తడిగుడ్డతో, తల వెనక నుంచి, పక్క ముళ్లు రెండూ వేళ్ల సందుల్లోకి వచ్చేలా పట్టాలి. కొక్కెం ఎప్పుడూ కటింగ్ ప్లేయర్‌తోనే తీయాలి. వాలుగ నోట్లో వేలు పెట్టినవాడు మళ్లీ పెట్టడు. ముల్లు దిగితే సున్నం, పసుపు కాదు చేయాల్సింది. విరిగిన ముక్క తీసేసి, చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. ఆ విషం వేడికి విరుగుతుంది. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు, నీళ్లను రెండో చేత్తో చూసుకోండి. తర్వాత ధనుర్వాతం సూది. వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రికే.

పట్టిన చేపను మన ఎండకు పాలిథిన్ కవరులో వేసి ఇంటికి తేవడమంటే పారేయడానికి తేవడమే. గట్టునే పేగు తీసి, మొప్పలు తీసి, కడిగి, చేప ఎంత బరువుంటే అంత బరువు ఐసు పొరలుగా వేయాలి. కరిగిన నీళ్లు కిందికి కారిపోయే దారి ఉండాలి. ఐసు లేదంటే తీసుకెళ్లేది గంటలోపు వంటకు పోయేంతే.

గట్టు మీద ప్రమాదాలు. బయటపడిన నల్లరేగడి పైన పెచ్చుకట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలి లోతు మెత్తన. కర్రతో పొడిచి చూడకుండా నీటి అంచుకు పోకూడదు. తుంగభద్రలో ఇసుక తవ్విన గోతులు నీటి పైనుంచి కనపడవు; సీసం విడిపించుకోవడానికి ఎవరూ ఏట్లోకి దిగకూడదు. నీళ్లు తగ్గాక మొసళ్లు కూడా మిగిలిన మడుగుల్లోకే చేరతాయి, వేసవి చివర ఆడ మొసలి గూడు దగ్గర కాపలా ఉంటుంది. నీటి అంచుకు నాలుగడుగులు వెనక కూర్చోండి, చేపను నీళ్లలో వేలాడదీసి ఉంచకండి. బ్యారేజీ గేట్ల కింద, ఎగువన వానలు మొదలయ్యాక, అసలు వద్దు.

చెరువు సొసైటీదైతే అడిగి కూర్చోవడం మర్యాదే కాదు, అవసరం. శ్రీశైలం గట్టులో కొంత భాగం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా పోరాదు. ముంగారు వానకు వంకలు పారి ఎర్రనీళ్లు దిగగానే వాలుగ, జెల్ల వంక మూతుల దగ్గర గుంపులు కడతాయి. ఎర ఏది వేసినా తింటాయి. చాలామందికి అదే పండగ. కానీ కొత్తనీటికి ఎదురెక్కుతున్నవి గుడ్లకు వచ్చినవి. కడుపు నిండిన ఆడచేపను ఒత్తి చూస్తే తెలుస్తుంది, వదిలేయాలి. వాలుగ ఇప్పటికే ప్రపంచస్థాయి ఎర్రజాబితాలో ముప్పున్న జాతుల్లో చేరింది. గాలంవాడు రెండు చేపలు వదిలితే ఏమొస్తుందని అడిగేవారు ఉన్నారు, బ్యాక్‌వాటర్‌లో అలవి వలలు వేలెడు పిల్లలను కూడా ఊడ్చేస్తుంటే వారి మాటలో న్యాయం లేకపోలేదు. ఆ వలల మీదా, మడుగుల్లో పేల్చే మందుగుండు మీదా మీ పత్రిక రాస్తూనే ఉండాలి. నీళ్లలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం.

చివరగా మీకొక విన్నపం. శ్రీశైలం మట్టం మీరు రోజూ వేస్తారు. మే, జూన్ నెలల్లో సుంకేసుల, గాజులదిన్నె, వెలుగోడు మట్టాలు, అనంతపురం సంచికలో పెన్నహోబిలం, చిత్రావతి, కడప సంచికలో మైలవరం, గండికోట మట్టాలు కూడా వారానికోసారైనా వేయండి. గత వారం కంటే ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో పక్కనే ఉంటే మరీ మంచిది. గాలంవాడికి కావాల్సింది మట్టం అంకె కంటే ఆ తేడానే. మోటార్లు పెట్టుకున్న గట్టు రైతులకూ పైపు ఎంత దించాలో దాంతోనే తెలుస్తుంది.

ఇట్లు,
గాలం పట్టే కొందరు పాఠకులు,
కర్నూలు